'మినమాటా': తెర మీదికి రాని బురద

ఆండ్రూ లెవిటాస్ దర్శకత్వంలో 2020లో వచ్చిన 'మినమాటా' సినిమాను రసాయనశాస్త్ర విద్యార్థులు చూడవలసిందే. జపాన్‌లోని మినమాటా అఖాతం ఒడ్డున పాదరస విషానికి బలైన మత్స్యకారుల గోడును అమెరికన్ ఫొటోగ్రాఫర్ యూజీన్ స్మిత్ లోకానికి చూపించిన కథ ఇది. స్మిత్‌గా జానీ డెప్ బాగా నటించాడు. తాగుడు కాస్త ఎక్కువైందనిపిస్తుంది గానీ, అది వేరే సంగతి.

నా పేచీ అంతా సైన్సు దగ్గరే. 1971లో స్మిత్ బృందం చిస్సో కంపెనీ ఆసుపత్రిలోకి దొంగచాటుగా దూరి, రహస్య పరిశోధన కాగితాలు కనిపెట్టినట్టు చూపించారు. జరిగింది వేరు. కంపెనీ వైద్యుడు హజిమె హొసొకావా 1959లోనే ఫ్యాక్టరీ మురుగు కలిపిన తిండి పిల్లికి పెట్టి చూశాడు. దానికీ అదే జబ్బు వచ్చింది. కంపెనీ ఆ ఫలితాన్ని తొక్కిపెట్టింది. 1970లో ఆయన ఆసుపత్రి మంచం మీద నుంచే సాక్ష్యం చెప్పాడు. అప్పటికి స్మిత్ అక్కడికి వెళ్ళనేలేదు. కథానాయకుడి కోసం శాస్త్రజ్ఞుడిని పక్కకు నెట్టడం నాకు నచ్చలేదు.

అంతకన్నా పెద్ద లోపం మరొకటి ఉంది. ఫ్యాక్టరీ మురుగు ఆపిస్తే చాలు, గండం గడిచినట్టే అనిపిస్తుంది ఈ సినిమా చూస్తే. చిస్సో 1932 నుంచి అసిటాల్డిహైడ్ తయారీలో పాదరస లవణాన్ని ఉత్ప్రేరకంగా వాడింది. ఆ చర్యలో కొద్దిగా పుట్టే మిథైల్ మెర్క్యురీ మురుగుతో పాటు సముద్రంలో కలిసేది. ఈ తయారీ 1968లోనే ఆగిపోయింది. మరి ప్రమాదం ఎందుకు పోలేదు?

పాదరసం అడుగు బురదలో దిగబడింది కనుక. మెత్తటి బురద రేణువులకు, వాటిలోని గంధకానికి పాదరసం గట్టిగా అంటుకుంటుంది. గాలి సోకని ఆ బురదలో కొన్ని బాక్టీరియాలు మామూలు పాదరసాన్ని సైతం మిథైల్ మెర్క్యురీగా మార్చగలవు. అక్కడి నుంచి ప్లవకాలు, చిన్న చేపలు, పెద్ద చేపలు, చివరికి మన కంచం. మెట్టు మెట్టుకీ గాఢత పెరుగుతుంది.

కోర్టులో బాధితులు 1973లో గెలిచారు. బురద పని మొదలైంది 1977లో, ముగిసింది 1990లో! పది లక్షల పాళ్ళలో 25 పాళ్ళకు మించి పాదరసం ఉన్న బురద సుమారు 15 లక్షల ఘనపు మీటర్లు తేలింది. అఖాతంలో కొంత భాగానికి ఉక్కు గోడ కట్టి, తోడిన బురదను అందులో నింపి, పైన మట్టి కప్పారు. అలా 58 హెక్టార్ల కొత్త నేల ఏర్పడింది. ఇప్పుడక్కడ పార్కు ఉంది. పాదరసం మాత్రం ఎక్కడికీ పోలేదు, ఆ పచ్చిక కిందే ఉంది. ఉప్పునీటిలో నిలిచిన ఉక్కు ఎన్నేళ్ళు ఆగుతుందన్నది ఆ ఊరి ఇంజనీర్లు పట్టించుకోవలసిన లెక్క.