గృహ పద్దుల సాఫ్ట్‌వేర్‌లో వర్గాలు, ట్యాగులు: ఒక విమర్శనాత్మక పరిశీలన

1. పరిచయం

ఇంటి జమాఖర్చులు రాసుకునే సాఫ్ట్‌వేర్‌లు లావాదేవీలను వర్గాల కింద చేర్చమంటాయి. కొన్నింటిలో ట్యాగులు తగిలించే వీలు కూడా ఉంటుంది. ఈ రెండూ ఒకే పనికి రెండు పేర్లని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలకు సమాధానాలు. ఆ తేడాను ఏ సాఫ్ట్‌వేర్ ఎంతవరకు నిలబెడుతుందన్నదే ఇక్కడ మన విమర్శకు గీటురాయి. ఉదాహరణలుగా గ్నూక్యాష్, ఫైర్‌ఫ్లై త్రీ అనే రెండు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లను తీసుకుందాం.

2. వర్గం: ఆవర్జా పద్దుకు వారసురాలు

మన వర్తకులు చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు ఉంచేవారు. చిట్టాలో లావాదేవీలు తేదీ వరుసలో పడతాయి. వాటిని పద్దుల వారీగా ఆవర్జాకు ఎక్కిస్తారు. నేటి వర్గం ఈ ఆవర్జా పద్దు వంటిదే. దీని నియమం ఒక్కటే: ప్రతి రూపాయీ ఒక్క చోటే ఉండాలి. అప్పుడే వర్గాల మొత్తాలన్నీ కూడితే నెల ఖర్చు సరిగ్గా తేలుతుంది.

1998లో 1.0 వెర్షన్‌గా వెలువడిన గ్నూక్యాష్ ఈ నియమాన్ని గట్టిగా పాటిస్తుంది. 1494లో వెనిస్‌లో అచ్చయిన లూకా పాసియోలి గ్రంథం వివరించిన జంట పద్దు విధానమే దీనికి పునాది. ఇందులో ఖర్చు కూడా ఒక ఖాతాయే. ఇంటి అప్పు వాయిదా 10,000 రూపాయలు కట్టారనుకోండి. అందులో వడ్డీ 6,000 అయితే అది ఖర్చు ఖాతాకు పోతుంది. మిగిలిన 4,000 అసలు కాబట్టి అప్పు ఖాతాలో తగ్గుతుంది. ఇంకా పాడుకోని చీటీకి కట్టే వాయిదా కూడా ఇలాగే ఖర్చు కాదు, ఆస్తి. ఈ తేడా తెలియని ఇల్లు పొదుపును కూడా ఖర్చుగా లెక్కవేసుకుని బెంబేలెత్తుతుంది.

3. వర్గం చెప్పలేనిది

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. మా అమ్మ మంచం పట్టిన ఏడాది ఖర్చులన్నీ గ్నూక్యాష్‌లో రాశాను. ఒక నెలలో మందులకు 4,200, ఆస్పత్రికి కారు బాడుగ 1,800, ఆయమ్మ జీతం 6,000. ఇవి వైద్యం, ప్రయాణం, జీతాలు అనే మూడు ఖాతాల్లోకి, మా ఇంటి మిగతా ఖర్చులతో కలిసి వెళ్ళాయి. ఏడాది చివర ఖర్చు పంచుకుందామని కూర్చున్నప్పుడు తమ్ముడు అడిగాడు: “అన్నయ్యా, అమ్మకు మొత్తం ఎంతయింది?” ప్రతి పైసా రాసి ఉన్నా జవాబు చెప్పలేకపోయాను.

మర్నాడు ‘అమ్మ’ అని ఒక ఖర్చు ఖాతా తెరిచి అన్నీ అందులోకి మార్చాను. తమ్ముడి ప్రశ్నకు జవాబు దొరికింది కానీ, ఇంటి మొత్తం వైద్య ఖర్చెంతో చెప్పే అంకె పోయింది. తప్పు నాదే. ‘దేనికి’ అనే ప్రశ్నకు ఉన్న చోట ‘ఎవరి కోసం’ అనే జవాబు పెట్టాను. అయితే రెండో జవాబుకు వేరే గడి ఇవ్వకపోవడం గ్నూక్యాష్ లోపమే. వివరణలో ఒక గుర్తుమాట రాసి, తరవాత వెతుక్కోవాలి.

4. ట్యాగు: బలం, ప్రమాదం

ఫైర్‌ఫ్లై త్రీలో లావాదేవీకి వర్గం ఒక్కటే, ట్యాగులు ఎన్నయినా పెట్టవచ్చు. కారు బాడుగ ‘ప్రయాణం’ వర్గంలోనే ఉంటూ ‘అమ్మ’, ‘తమ్ముడితో పంపకం’ అనే రెండు ట్యాగులు మోయగలదు. నాకు కావలసిన సదుపాయం ఇదే.

కానీ ఒక హెచ్చరిక. ఆ 1,800 రెండు ట్యాగుల మొత్తాల్లోనూ కనిపిస్తుంది. ట్యాగుల మొత్తాలను కూడితే అది 3,600 అవుతుంది. వర్గాల మొత్తాలు కూడవచ్చు. ట్యాగుల మొత్తాలు కూడరాదు. లావాదేవీ నింపే తెరపై వర్గం, ట్యాగు పక్కపక్క గళ్ళే కాబట్టి ఈ తేడా కొత్తవారికి తట్టదు. పైగా వర్గం గడి ఖాళీగా వదిలేయవచ్చు. ట్యాగులను ఎప్పటికప్పుడు కొత్తగా సృష్టించవచ్చు. ‘తిండి’, ‘భోజనం’, ‘ఆహారం’ అని ఒకే విషయానికి మూడు ట్యాగులు పుడితే ఏ ఒక్కటీ నిజం చెప్పదు. దీన్ని సొంత సర్వర్‌లో ప్రతిష్ఠించుకోవలసి రావడం మరో ఇబ్బంది.

5. మూల్యాంకనం

గ్నూక్యాష్ క్రమశిక్షణ నేర్పుతుంది కానీ ఒకే కోణం చూపుతుంది. ఫైర్‌ఫ్లై త్రీ అనేక కోణాలు చూపుతుంది కానీ క్రమశిక్షణ భారం మనమీదే వేస్తుంది. లెక్కలు కొత్తగా నేర్చుకునేవారికి మొదటిదే మేలని నా అభిప్రాయం. ట్యాగులు లేని లోటును గుర్తుమాటతో కొంత పూడ్చుకోవచ్చు. వర్గాలు చెదిరిన లెక్కను తిరిగి నిలబెట్టడం అంతకంటే చాలా కష్టం.

ఏది వాడినా, వర్గాలు కొద్దిగా, స్థిరంగా ఉండాలి. ట్యాగు పెట్టే ముందు “ఈ ప్రశ్న రేపు ఎవరైనా అడుగుతారా?” అని ఆలోచించాలి. ‘ఇతరాలు’ వర్గం పెరుగుతుంటే అందులో ఏదో పేరు పెట్టని ఖర్చు దాగి ఉందని గ్రహించాలి. రాసిన లెక్క, అడిగినవారికి జవాబు చెప్పగలిగినప్పుడే లెక్క అవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ ఇంటి గత నెల ఖర్చుల్లో పది తీసుకోండి. ఒక్కొక్కదానికి ఒక వర్గం, అవసరమైతే ట్యాగులు రాయండి. వర్గాల మొత్తం, ట్యాగుల మొత్తం వేర్వేరుగా కూడి, తేడా ఎందుకు వచ్చిందో ఐదు వాక్యాల్లో వివరించండి.