పాత ఫిల్ము పక్కన కొత్త ఫిల్ము

రేగొండ నుంచి పరకాల మీదుగా హన్మకొండకు వచ్చే బస్సులో, ఒళ్లో పెద్ద కవరు పెట్టుకుని కూర్చున్న మనిషిని చూస్తే అందులో ఏముందో వేరే చెప్పక్కర్లేదు. స్కాన్ ఫిల్ములు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు రోజూ మాత్ర మింగేవాళ్లకు రెండు మూడు నెలలకోసారి ఈ ప్రయాణం తప్పదు. మాత్ర పనిచేస్తున్నదా లేదా అన్నది ఆ కవరులోనే తేలాలి.

గెఫిటినిబ్, ఒసిమెర్టినిబ్ లాంటి ఈ మాత్రలు అందరికీ పనికిరావు. కణితిలో ఈజీఎఫ్‌ఆర్ జన్యువు మారి ఉండాలి. ఆ సంగతి 2004లో బయటపడింది. ఏఎల్‌కే అనే మరో జన్యువు మారిన రకానికి మందులు వేరు. మందుల కథ ఇంతటితో చాలు. అసలు పనితనం స్కాన్ చదివే చీకటి గదిలో ఉంది.

అక్కడి కొలబద్ద పేరు ‘రెసిస్ట్’. 2000లో వచ్చింది, 2009లో సవరించారు. ఒక్కో అవయవంలో రెండుకు మించకుండా, మొత్తం ఐదు కణితుల వరకు ఎంచుకుని, వాటి పొడవులు కూడతారు. మొత్తం 30 శాతం తగ్గితే మందు పట్టినట్టు. వినడానికి చిన్న లెక్కే. కానీ మొదట 100 మిల్లీమీటర్లున్నది 40కి దిగి, తర్వాతి స్కాన్‌లో 50 అయిందనుకోండి. మొదటి ఫిల్ముతో పోల్చినవాళ్లు సగానికి తగ్గిందని సంబరపడతారు. చేయి తిరిగిన రేడియాలజిస్టు చూపు 40 దగ్గరే ఆగుతుంది. అన్నిటికన్నా తక్కువకు దిగిన కొలత నుంచి 20 శాతం, కనీసం 5 మిల్లీమీటర్లు పెరిగితే రోగం తిరగబడ్డట్టే. ఇక్కడ పెరిగింది 25 శాతం!

లెక్కకు లొంగనివీ ఉన్నాయి. మందు పడ్డాక ఒక్కోసారి కణితి నడుమ డొల్లవుతుంది. లోపల చచ్చినా బయటి కొలత అంతే ఉంటుంది. ఎముకలో కొత్తగా తెల్లటి మచ్చ కనిపిస్తుంది. అది రోగం పాకడమా, మానుతున్న ఎముక గట్టిపడటమా? ఇక్కడే పెద్ద చేతులు తెలిసిపోతాయి. కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టి, అమెరికాలో పాఠాలు చెప్పి, తిరిగొచ్చి హైదరాబాద్ నిమ్స్‌కు తొలి డైరెక్టరైన కాకర్ల సుబ్బారావు ఎముకల ఎక్స్‌రేలు చదవడంలో దిట్ట. 2000లో పద్మశ్రీ అందుకుని, 2021లో కన్నుమూసిన ఆయన వేసిన దారిలోనే తెలుగునాట ఎందరో ఈ విద్య పట్టారు.

పెట్ స్కాన్ ఉండగా ఈ కొలతల గొడవ ఎందుకంటారు కొందరు. పెట్ గొప్పదే, కణితి ఎంత చక్కెర తింటున్నదో చూపిస్తుంది. కానీ టీబీ మచ్చ కూడా అందులో అలాగే వెలుగుతుంది. టీబీ ఇంతగా ఉన్న మన దేశంలో, వెలిగిందల్లా క్యాన్సర్ అనుకుంటే కొంప మునుగుతుంది. మెదడులో దాక్కున్న ముక్కను పట్టడానికైతే ఎమ్మారై కావాల్సిందే.

ఒళ్లు మండేది నాసిరకం రిపోర్టులు చూసినప్పుడు. ‘గతంతో పోలిస్తే కొంత తగ్గింది’ అని ఒక్క ముక్క! ఎంత తగ్గింది? ఏ ఫిల్ముతో పోల్చారు? ఒక మనిషికి ఒకే మెషీన్ మీద పావుగంట తేడాతో రెండుసార్లు తీసినా కొలతలో కాస్త తేడా వస్తుంది. అలాంటిది ఒకసారి కాంట్రాస్ట్ ఎక్కించి, ఇంకోసారి ఎక్కించకుండా, ఊరికో సెంటర్లో తీసి పోల్చితే ఏం తేలుతుంది? వాట్సాప్‌లో వచ్చిన ఫిల్ము ఫొటో చూసి తీర్పు చెప్పేవాళ్లు మరీ దారుణం. నెలనెలా వేలు పోసి కొంటున్న మాత్ర ఆపాలా, మార్చాలా అన్నది ఆ ఒక్క వాక్యం మీద నడుస్తున్నది.

అందుకే రేగొండవాళ్లకైనా మహబూబాబాద్‌వాళ్లకైనా ఒక్క మనవి. మాత్ర మొదలుపెట్టక ముందు తీసిన సీటీ స్కాన్ సీడీని పారేయకండి. వెళ్లిన ప్రతిసారీ పాతవన్నీ వెంట తీసుకెళ్లండి, వీలైతే అదే సెంటర్‌కు వెళ్లండి. రిపోర్టులో మిల్లీమీటర్లు లేకపోతే, రాసిచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి.