సహనమా, ఫిర్యాదా? – అమ్జద్ హైదరాబాదీ ‘ఖయామతె సుగ్రా’పై ఒక పరిశీలన

1908 సెప్టెంబరు 28న మూసీ నది హైదరాబాదు నగరాన్ని ముంచివేసినది. మృతులు సుమారు 15,000 మంది అని అంచనా. ఆ వరదలో అమ్జద్ హుసేన్ అనే యువకుని తల్లి, భార్య, కుమార్తె ఆయన కళ్ళ ఎదుటనే కొట్టుకొనిపోయారు. ఇంటిల్లిపాదిలో ఆయన ఒక్కరే మిగిలారు. తర్వాతి కాలంలో ఉర్దూ రుబాయీలకు పెట్టింది పేరైన అమ్జద్ హైదరాబాదీ ఆయనే. ఆ వరదను గురించి ఆయన వ్రాసిన కవితయే ‘ఖయామతె సుగ్రా’, అనగా ‘చిన్న ప్రళయం’.

ఈ కవితను మనవారు సాధారణంగా రెండు విధాలుగా చదువుతున్నారు. కొందరికి ఇది ఒక దుఃఖితుని విలాపం మాత్రమే. మరి కొందరు ఆయన రుబాయీలలోని దైవార్పణ భావాన్ని దీనిపై ఆరోపించి, సహనానికి నిదర్శనమని మెచ్చుకొంటారు. మొదటి వారు ఇందులోని విశ్వాసాన్ని చూడరు, రెండవ వారు ఇందులోని గాయాన్ని చూడరు. విలాపం, విశ్వాసం ఒకదానికొకటి విరుద్ధమనే అపోహయే ఈ రెండింటికీ మూలం.

మంచివాడైన దేవుని సృష్టిలో ఈ బాధ ఎందుకు? ఈ ప్రశ్న మన విద్వాంసులకు క్రొత్తది కాదు. దైవం న్యాయం చేసి తీరవలెనని, బాధపడిన ప్రాణికి పరిహారం ఉన్నదని ముతజిలాలు వాదించారు. ఇమామ్ అబుల్ హసన్ అష్అరీ తన గురువైన జుబ్బాయీని ముగ్గురు సోదరుల గురించి అడిగినట్లు ఒక కథ ప్రచారంలో ఉన్నది. ఒకడు పుణ్యాత్ముడు, ఒకడు పాపి, ఒకడు పసితనంలోనే పోయాడు. ఆ పసివాడు, “నన్ను కూడా బ్రతకనిస్తే పుణ్యం సంపాదించేవాడిని కదా” అంటే ఏమి సమాధానం? పెద్దవాడై పాపం చేస్తాడని తెలిసి ముందే తీసుకొనిపోయాడని గురువు అన్నాడట. “అలాగైతే నన్నెందుకు పసితనంలో తీసుకొనిపోలేదు?” అని నరకంలోని సోదరుడు అడిగితే? గురువు మౌనం వహించాడట.

ఈ కథ చారిత్రకమా, కాదా అన్నది వేరే చర్చ. మానవుని తూనికరాళ్ళతో దైవకార్యాన్ని తూచబోతే త్రాసే విరిగిపోతుందన్నది దీని సారాంశం. ఉన్న సృష్టి కంటె ఉత్తమమైనది సాధ్యం కాదని ఇమామ్ గజాలీ (మరణం 1111) ‘ఇహ్యా’లో అన్న మాట కూడా శతాబ్దాల తరబడి వివాదాస్పదంగానే ఉండిపోయింది. అది తన మనస్సుకు తాను చెప్పుకొనదగిన మాట. బిడ్డను ఏటికి అప్పగించిన తండ్రికి మరొకడు చెప్పవలసిన మాట మాత్రం కాదు.

మరి దివ్యఖుర్‌ఆన్ చూపిన మార్గమేమిటి? హజ్రత్ యాఖూబ్ (అ) కుమారుని వియోగంతో కంటిచూపును కోల్పోయారు. తన దుఃఖాన్ని అల్లాహ్‌కే మొరపెట్టుకొంటున్నానని చెప్పారు. హజ్రత్ అయ్యూబ్ (అ) తనకు కష్టం కలిగిందని ప్రభువునే మొరపెట్టుకొన్నారు, ఆయననే ఖుర్‌ఆన్ సహనశీలి అని కొనియాడింది. మహాప్రవక్త (స) తన చిన్నారి ఇబ్రాహీం మరణశయ్య వద్ద కన్నీరు కార్చారు. కనుక దైవాన్ని గురించి జనానికి ఫిర్యాదు చేయడం వేరు, దైవానికే ఫిర్యాదు చేసుకోవడం వేరు. మొదటిది సహనాన్ని భంగపరుస్తుంది, రెండవది సహనంలోనే ఒక భాగం.

ఈ దృష్టితో చూస్తేనే అమ్జద్ కవిత అర్థమవుతుంది. చీకటి, ఎడతెగని వాన, కూలుతున్న ఇండ్లు, ఏడుస్తూ ప్రార్థిస్తున్న జనం – ఇవన్నీ వరుసగా వస్తాయి. తల్లి ఒకచోట, భార్య ఒకచోట, బిడ్డ ఒకచోట, తానొకచోట! కవి వీటికి కారణం వెదకడు, ఓదార్పు కోసం తొందరపడడు. ఈ నిగ్రహమే కవితకు బలం.

పేరు విషయం కొంత ఆలోచించదగినది. మన పండితుల పరిభాషలో ‘చిన్న ప్రళయం’ అంటే ప్రతి మనిషి మరణమే. ఇక మహాప్రళయ దినాన మనిషి తన తల్లిని, భార్యను, బిడ్డలను విడిచి పారిపోతాడని ‘అబస’ సూరా చెబుతున్నది. మూసీ ఒడ్డున జరిగినది దీనికి సరిగ్గా వ్యతిరేకం. అక్కడ మనిషి తనవారి కోసమే చేతులు చాచాడు, అందుకోలేకపోయాడు. ఆనాడు తీర్పు ఉంటుంది. వరదలో తీర్పు లేదు, మంచివారూ చెడ్డవారూ కలిసే మునిగారు. కావున ఈ పోలిక భయాన్ని చెప్పగలదు గాని న్యాయాన్ని చెప్పజాలదు. కవితకు ఈ పరిమితి ఉన్నదని ఒప్పుకొనక తప్పదు.

ఈ పరిమితిని గ్రహించనివారే ప్రతి విపత్తునూ పాపఫలమని తీర్పు చెబుతారు. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన వంటి ఘోరాలకు కూడా ఈ తీర్పే వర్తింపజేయగలరు. నీట మునిగి మరణించిన విశ్వాసి షహీద్ అని హదీసు చెబుతుండగా, ఆ మృతులను దోషులుగా నిలబెట్టే అధికారం వీరికెవరిచ్చారు?

పైగా మూసీ వరద ఆకాశం నుండి మాత్రమే రాలేదు. ఎగువన చెరువుల కట్టలు అనేకం తెగిపోయాయి. తర్వాత విశ్వేశ్వరయ్య సూచనల ఫలితంగా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. సిరియాలో ప్లేగు వ్యాపించినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) మార్గమధ్యంలోనే వెనుదిరిగారు. విధి నుండి పారిపోతున్నారా అని అడిగితే, దైవం వ్రాసిన ఒక విధి నుండి మరొక విధికి పోతున్నానన్నారు. ఆనకట్ట కట్టడం కూడా ఆ కోవలోనిదే.

అమ్జద్ 1961లో కన్నుమూశారు. ఆయన రుబాయీలను మాత్రమే చదివేవారు ఆ ప్రశాంతతను తేలికగా లభించినదిగా భావించే ప్రమాదమున్నది. ముందు ‘ఖయామతె సుగ్రా’ చదవండి, తర్వాత రుబాయీలు తెరవండి. ఆ సహనానికి ఆయన చెల్లించిన మూల్యం అప్పుడు తెలుస్తుంది. ఆ మూల్యం తెలిసినవాడు దుఃఖితుని ఇంటికి వెళ్ళి కారణాలు చెప్పడు. ప్రక్కన కూర్చొని, అతనితోపాటు దుఆ చేస్తాడు.