సగం చదివిన ఆయత్: తల్లిపాలు, డబ్బాపాల వివాదంలో మన వాదన

తల్లిపాలు, డబ్బాపాల వివాదంపై మన ముస్లిం పత్రికల్లోనూ, శుక్రవారపు ప్రసంగాల్లోనూ, మస్జిదు గుమ్మాల వద్ద పంచే కరపత్రాల్లోనూ కనిపించే వాదన దాదాపు ఒకే అచ్చులో పోసినట్లుంటుంది. మొదట బఖరా సూరాలోని 233వ ఆయత్ ప్రారంభం వస్తుంది. తల్లులు బిడ్డలకు నిండు రెండేళ్ళు పాలివ్వడం గురించిన భాగం అది. ఆ వెంటనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా రెండేళ్ళనే చెప్పిందన్న గర్వోక్తి. చివర, నేటి స్త్రీ సోకులకు మరిగి సీసాను ఆశ్రయించిందన్న మందలింపు. ఇటువంటి కరపత్రం ఒకదానిని కొన్నేళ్ళ క్రితం ఉర్దూ నుంచి తెలుగులోకి మార్చినవాడిని నేనే. కనుక ఈ విమర్శలో మొదటి ముద్దాయిని కూడా నేనే.

అది నిజామాబాద్ జిల్లాలో పంచిపెట్టబడింది. అక్కడ బీడీలు చేసి బ్రతికే ముస్లిం కుటుంబాలు అనేకం. ఒకనాడు ఒక ఇల్లాలు, తెలుగు మీడియంలో చదువుకుంటున్న కూతురి చేత ఆ కాగితం చదివించుకుని, నన్ను ఆపి అడిగింది: "మౌల్సాబ్, రెండేండ్లు పాలియ్యాలని రాసిన్రు, మంచిగనే ఉంది. ఆ రెండేండ్లు మా ఇంట్ల బీడీలు ఎవరు చెయ్యాలె?" ఆమెకు వెయ్యి బీడీల లెక్కన కూలి. చేయి ఆగితే కూలి ఆగుతుంది. నా వద్ద జవాబు లేక, అల్లాహ్ దారి చూపుతాడని చెప్పి తప్పుకున్నాను. ఇంటికి వచ్చి ముస్‌హఫ్ తెరిస్తే ఆమె ప్రశ్నకు సమాధానం అదే ఆయత్‌లో, నేను అనువదించిన భాగం పక్కనే ఉన్నది. మూల ఉర్దూ రచయిత దానిని వదిలివేశాడు. మదరసాలో ఆయత్ మొత్తం కంఠస్థం చేసిన నేను కూడా వదిలివేశాను.

ఆ ఆయత్ పొడవైనది. అందులో తల్లి పాలివ్వడం గురించిన మాట మొదటి చిన్న భాగమే. రెండేళ్ళన్నది కూడా పాలు తాగే కాలాన్ని పూర్తి చేయించదలచిన వారికి చెప్పిన గడువు. తరువాత వచ్చేదంతా ఇతరుల బాధ్యత. ఆమె తిండి, బట్ట సముచితమైన రీతిలో సమకూర్చవలసినవాడు తండ్రి. ఎవరిపైనా వారి శక్తికి మించిన భారం మోపరాదు. బిడ్డ కారణంగా తల్లికి గాని తండ్రికి గాని హాని కలగకూడదు. తండ్రి లేనప్పుడు వారసునిపై అదే బాధ్యత. ఇద్దరూ పరస్పర అంగీకారంతో, సంప్రదింపుతో ముందే పాలు మాన్పించదలిస్తే దోషం లేదు. వేరొక స్త్రీ చేత పాలు ఇప్పించినా దోషం లేదు, కాని ఆమెకు ఇవ్వవలసింది సక్రమంగా చెల్లించాలి. తలాఖ్ సూరాలోని 6వ ఆయత్ విడాకులు పొందిన తల్లి విషయంలో మరింత స్పష్టంగా, ఆమె పాలిస్తే ఆమెకు వేతనం ఇవ్వవలసిందని ఆదేశిస్తుంది. ఇన్ని మాటల్లో మన కరపత్రంలోకి వచ్చింది ఒక్కటి. అది కూడా స్త్రీకి సంబంధించిన ఒక్కటే.

అనువాదకుడిగా నాకు తోచిన రెండు సంగతులు ఇక్కడ చెప్పాలి. మొదటిది క్రియ. అరబీలో ఉన్న "యుర్‌జిఅ్‌న" అన్న పదం రూపాన్ని బట్టి వర్తమాన క్రియ, "పాలిస్తారు" అని అర్థం. దీని భావం ఆజ్ఞేనని వ్యాఖ్యాతలు చెప్పారు. అయితే ఆ ఆజ్ఞ విధిగా చేయించేదా, ప్రోత్సహించేదా అన్న విషయంలో వారికి భేదాభిప్రాయం ఉన్నది. తెలుగులో "పాలివ్వాలి" అని రాసిన క్షణంలో ఆ చర్చ అంతా మాయమవుతుంది. మన భాషలో "ఆలి" ప్రత్యయం చాలా బరువైనది. నేను అదే రాశాను.

రెండవది తండ్రిని సూచించే మాట. ఆయత్ అక్కడ "వాలిద్" అనదు, "మౌలూదు లహూ" అంటుంది. అంటే, ఎవరికోసం బిడ్డ పుట్టిందో అతడు. జమఖ్షరీ తన కష్షాఫ్‌లో ఈ పద ప్రయోగం వద్ద ఆగి, బిడ్డ తండ్రికి చెందినదిగా లెక్కించబడుతుంది గనుకనే తల్లి పోషణ అతనిపై పడిందని వివరిస్తాడు. వంశం నీది, పేరు నీది, కనుక ఖర్చు కూడా నీదేనన్న న్యాయం ఆ రెండు పదాల్లో ఇమిడి ఉన్నది. మనం "తండ్రి" అని రాసి ముందుకు సాగిపోతాం. తప్పు కాదు. కాని కారణం పోయి మనిషి మాత్రం మిగిలాడు.

ధర్మవేత్తలు ఈ విషయాన్ని ఎంత జాగ్రత్తగా తూచారో చూస్తే మన కరపత్రాల తొందర మరీ సిగ్గు కలిగిస్తుంది. హనఫీ మజ్‌హబ్‌లో పాలివ్వడం తల్లికి దైవం ముందు బాధ్యతే. కాని న్యాయాధికారి ఆమెను బలవంతపెట్టలేడు. బిడ్డ మరొకరి రొమ్ము పట్టనప్పుడో, దాదిని పెట్టే స్తోమత లేనప్పుడో మాత్రమే ఆ బలవంతం వర్తిస్తుంది. మాలికీలు భార్యపై దీనిని విధిగా భావిస్తూనే, పాలిచ్చే ఆచారం లేని ఉన్నత వంశపు స్త్రీని మినహాయించారు. (ఈ మినహాయింపు నాకు రుచించదు. అయినా ఆచారాన్ని కూడా వారు లెక్కలోకి తీసుకున్నారన్నది గమనార్హం.) పాల బంధుత్వానికి గడువు విషయంలో ఇమామ్ అబూ హనీఫా ముప్పై నెలలన్నారు, ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ రెండేళ్ళన్నారు. గురువుతో శిష్యులు విభేదించి కూడా అదే మజ్‌హబ్‌లో నిలిచారు. మనకు మాత్రం ఒక పేజీ కాగితంలో ఒక్క అభిప్రాయానికే చోటు.

ఇక చరిత్ర సంగతి. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) కాలపు ఒక ఉదంతం ఇబ్నె సఅద్ తబఖాత్‌లో ఉన్నది. మదీనా వెలుపల దిగిన వర్తకుల బిడారుకు కాపలాగా ఆయన అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)తో కలిసి రాత్రి మేలుకున్నారు. ఒక పసిబిడ్డ ఏడుపు ఆగలేదు. ఆయన మళ్ళీ మళ్ళీ వెళ్ళి తల్లిని మందలించారు. చివరకు విసిగిపోయిన ఆమె, ఎదుట ఉన్నది ఎవరో తెలియక, బిడ్డ చేత పాలు మాన్పిస్తున్నానని, వాడు ఒప్పుకోవడం లేదని చెప్పింది. ఎందుకంత తొందర అంటే, ఉమర్ పాలు మానిన పిల్లలకే భత్యం ఇస్తున్నాడు కనుక అన్నది. ఆ తెల్లవారి ఫజ్ర్ నమాజులో ఏడుపు వల్ల ఆయన పారాయణం ప్రజలకు సరిగా వినపడలేదు. తరువాత, పాలు మాన్పించడానికి తొందరపడవద్దని, పుట్టిన ప్రతి బిడ్డకూ భత్యం ఇస్తామని ప్రకటన చేయించారు.

ఈ ఉదంతాన్ని మనం ఖలీఫా కరుణకు నిదర్శనంగా చెప్పుకుంటాం. నిజమే. కాని ఇందులో మరొక పాఠం ఉన్నది. తల్లి పాలు ఎందుకు మాన్పించింది? మాన్పిస్తే డబ్బు వచ్చే ఏర్పాటు ఉన్నది గనుక. హజ్రత్ ఉమర్ ఆమెకు ఉపదేశం చేయలేదు, తన ఏర్పాటును మార్చారు.  మన కరపత్రం ఆ రాత్రి మొదటి భాగంలోనే ఆగిపోయింది.

డబ్బాపాల వివాదం అసలు పుట్టినది కూడా ఈ ఏర్పాటు ప్రశ్న వద్దనే. 1939లో సింగపూరులో వైద్యురాలు సిసిలీ విలియమ్స్ "మిల్క్ అండ్ మర్డర్" అన్న ప్రసంగంలో వేలెత్తి చూపినది తల్లులను కాదు, అమ్మేవారిని. నర్సు దుస్తులు వేసుకున్న అమ్మకపు సిబ్బంది, ప్రసూతి వార్డులో ఉచితంగా ఇచ్చే డబ్బాలు, ఇవి తరువాతి దశాబ్దాల్లో ఆఫ్రికా, ఆసియా దేశాలంతటా వ్యాపించాయి. ఉచిత డబ్బా అయిపోయేసరికి తల్లిపాలు ఇంకిపోతాయి. బిడ్డ చప్పరిస్తేనే పాలు ఊరుతాయి, చప్పరించడం తగ్గితే పాలు తగ్గుతాయి. అప్పుడు డబ్బా కొనక తప్పదు. కొనే శక్తి లేనప్పుడు పొడి తగ్గించి నీళ్ళు పెంచుతారు. ఆ నీళ్ళు శుభ్రమైనవి కావు. 1974లో బ్రిటన్‌లో "ది బేబీ కిల్లర్" అన్న నివేదిక వెలువడింది. దాని జర్మన్ రూపానికి మరింత తీవ్రమైన శీర్షిక పెట్టిన స్విస్ బృందంపై నెస్లే కంపెనీ దావా వేసింది. 1976లో బెర్న్ న్యాయస్థానం శీర్షిక పరువునష్టమేనని స్వల్ప జరిమానా విధించింది, అదే సమయంలో తన ప్రచార పద్ధతులను పునరాలోచించుకోవలసిందని కంపెనీకి హితవు చెప్పింది. 1981 మేలో ప్రపంచ ఆరోగ్య సభ తల్లిపాల ప్రత్యామ్నాయాల విక్రయ నియమావళిని 118 ఓట్లతో ఆమోదించింది. వ్యతిరేకించిన ఒకే ఒక దేశం అమెరికా. మన దేశం 1992లో దానిని చట్టంగా చేసుకుని, 2003లో సవరించి రెండేళ్ళ లోపు పిల్లల ఆహారాల ప్రచారాన్ని నిషేధించింది.

ఈ చరిత్ర అంతటిలో "సోకుల స్త్రీ" ఎక్కడ ఉన్నది? సీసాను సోకుగా చేసింది ప్రకటన. పేదరాలి ఇంటికి సీసాను తెచ్చింది కూలి. చట్టం ప్రకటనను కొంతవరకు ఆపింది. కూలి సంగతి మాత్రం అలాగే ఉన్నది. 2017లో ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచారు, సంతోషం. కాని ఇంటి గడపలో చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చేసే ఆమెకు సెలవు ఇచ్చే యజమాని ఎవరు? 2013 ఆహార భద్రతా చట్టం బాలింతకు ఆరు వేల రూపాయలకు తక్కువ కాకుండా ఇవ్వాలన్నది. రెండేళ్ళతో భాగిస్తే నెలకు 250 రూపాయలు. బైతుల్ మాల్ పేరుతో జకాత్ వసూలు చేసే మన కమిటీలు ఎన్నో ఉన్నవి. వాటి పద్దుల్లో పాలిచ్చే తల్లి పోషణ అన్న శీర్షికను నేను ఇంతవరకు చూడలేదు. తల్లిపాల నిధులపై 1985లో జిద్దా ఫిఖహ్ అకాడమీ నిర్ణయం చేసినప్పటి నుంచి పాల బంధుత్వం గురించి మన పండితులు ఎంత సిరా ఖర్చు చేశారో లెక్కలేదు. అవసరమైన చర్చే. కాని ఆ సిరాలో నాలుగు చుక్కలైనా దాది వేతనం గురించి, తల్లి తిండి గురించి పడి ఉండవలసింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థతో ఖుర్ఆన్‌ను సరిపోల్చి మురిసిపోయే ధోరణి గురించి ఒక మాట. ఆ సంస్థ సిఫారసు మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే, ఆపైన ఇతర ఆహారంతో పాటు రెండేళ్ళు, అంతకు మించి కూడా. ఆయత్‌లో ఆరు నెలల ప్రసక్తి లేదు. రెండేళ్ళకు ముందే మాన్పించుకునే అనుమతి మాత్రం ఉన్నది. ఒకటి వైద్య సలహా, మరొకటి కుటుంబంలో హక్కులు, బాధ్యతలు పంచే ధర్మశాసనం. రెండింటికీ ఒకే సంఖ్య దొరికిందని చంకలు గుద్దుకుంటే, రేపు వైద్యులు సంఖ్య మార్చినప్పుడు మనం ఏమి చేస్తాం?

నిజంగా శాస్త్రంతో పోల్చదగిన చోటు ఒకటి ఉన్నది, దానిని ఎవరూ చూడరు. షాఫయీ ధర్మవేత్తలు తల్లిపై తప్పనిసరి చేసినది "లిబా"ను, అంటే ముర్రుపాలను. అవి లేకుండా బిడ్డ సాధారణంగా నిలవదన్నది వారి హేతువు. ఇమామ్ నవవీ మిన్‌హాజ్‌లో కూడా ఈ తీర్పు ఉన్నది. మన పల్లెల్లో ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోసి, పంచదార నీళ్ళో తేనో నాకించే ఆచారం ముస్లిం ఇళ్ళలోనూ ఉన్నది. తహ్నీక్ చేయవలసిన పెద్దమనిషి వచ్చేదాకా బిడ్డకు రొమ్ము పట్టించని ఇళ్ళను నేను స్వయంగా ఎరుగుదును. తహ్నీక్ సున్నత్, కాదనను. కాని దానికోసం పాలు ఆపమని ఏ హదీసులోనూ లేదు. పైగా ఏడాది లోపు బిడ్డకు తేనె వద్దంటున్నారు వైద్యులు. మనం హనఫీలం గనుక షాఫయీ తీర్పు మనకెందుకు అనేవారికి, హైదరాబాదు బార్కస్‌లోని హజ్రమీ కుటుంబాలు తరతరాలుగా షాఫయీలేనని గుర్తు చేస్తాను. మంచి మాటను పొరుగింటి నుంచి తెచ్చుకోవడానికి ఏ మజ్‌హబ్ కూడా అడ్డు చెప్పదు.

డబ్బాపాలు హరామ్ అని నేను అనడం లేదు. తల్లి మరణించినప్పుడు, జబ్బు పడినప్పుడు, పాలు చాలనప్పుడు అవి ప్రాణాధారం. వేరొకరి చేత పాలిప్పించడానికి ఇచ్చిన అనుమతి వెనుక ఉన్న సౌలభ్యం ఇక్కడ కూడా వర్తిస్తుందనే నా అభిప్రాయం. అటువంటి తల్లిని మస్జిదు మైకులో మందలించడం, బిడ్డ కారణంగా తల్లికి హాని చేయరాదన్న ఆదేశానికి విరుద్ధమని కూడా నా అభిప్రాయం.

ఆ కరపత్రం పునర్ముద్రణకు ఈ మధ్య నన్ను మళ్ళీ అడిగారు. ఆయత్ భావం మొత్తం రాసి, హజ్రత్ ఉమర్ ఉదంతం, ముర్రుపాల సంగతి చేర్చి పంపాను. నాలుగు పేజీల్లో పట్టడం లేదని, ఏదైనా తగ్గించమని జవాబు వచ్చింది. శాస్త్రీయ నిదర్శనాల పేరానూ, సోకుల పేరానూ తీసివేయమని, తండ్రిపై ఉన్న పోషణ భారం గురించిన పేరా మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో వేయమని తిరిగి రాశాను. ఇంకా ప్రూఫులు రాలేదు.