ఒకే పద్యం, వేరువేరు గొంతులు

టెక్కలి, పలాస వైపు పద్యనాటకానికి వచ్చే జనం కథ తెలుసుకోడానికి రారు. కృష్ణుడి రాయబారం బెడిసికొడుతుందనీ, హరిశ్చంద్రుడు కాటికాపరి అవుతాడనీ పిల్లలకు కూడా తెలుసు. పద్యాన్ని ఎవరు ఎలా ఎత్తుకుంటారు, ఎక్కడ విరుస్తారు, ఎక్కడ నిలబెడతారు అన్నదే వాళ్ల ఆసక్తి. నచ్చితే ‘ఒన్స్‌మోర్’ అంటారు. రాగం మరీ సాగిపోతే వెనక వరసలోంచి ‘ఏటి బావూ, పద్యం ఎప్పుడేటి?’ అని కేక వినబడుతుంది. హరిశ్చంద్రపురం పేరుతో ఊరూ, రైల్వేస్టేషనూ ఉన్న ఈ ప్రాంతంలో కాటిసీను పద్యం ఒక్కటైనా నోటికి రాని పాతతరం రసికుడు అరుదు.

గ్రామఫోను రికార్డులు, ఆ తర్వాత క్యాసెట్లు వచ్చాక ఈ రసికులకు ఇంకో సరదా దొరికింది. ఒకే పద్యాన్ని ఇద్దరు ముగ్గురి గొంతుల్లో విని తూకం వెయ్యడం. ఇంగ్లండులో సింఫనీ రికార్డులకు ఈ పని పద్ధతిగా జరుగుతుంది. కాంప్టన్ మెకంజీ 1923లో మొదలుపెట్టిన ‘గ్రామఫోన్’ పత్రిక రికార్డుల సమీక్షకే. 1957లో బీబీసీ రేడియోలో ‘రికార్డ్ రివ్యూ’ మొదలైంది. ఒకే కృతికి వచ్చిన రికార్డులన్నీ పక్కపక్కన పెట్టి, ఏది ఎందుకు మేలో వాళ్లు విప్పి చెబుతారు. మనవాళ్లు ఇదే పని టీకొట్టు దగ్గర చేస్తారు గాని రాసిపెట్టరు. రాయలేదు కాబట్టి అది ఊసుపోక కబురని అనుకుంటున్నాం. నిజానికి ఆ తూకం వెనక లెక్క ఉంది.

సింఫనీలో ప్రతి స్వరమూ కాగితం మీద ఉంటుంది. అయినా ఇద్దరు కండక్టర్ల చేతిలో అది ఒక్కలా పలకదు. ఎడ్వర్డ్ ఎల్గార్ మొదటి సింఫనీ 1908లో మాంచెస్టర్‌లో తొలిసారి వినిపించింది. 1930లో ఎల్గారే లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో దాన్ని హెచ్ఎంవీకి రికార్డు చేశాడు. మొత్తం సుమారు 46 నిమిషాలు. 1962లో జాన్ బార్బిరోలీ ఫిల్‌హార్మోనియా ఆర్కెస్ట్రాతో చేసిన రికార్డు 50 నిమిషాలు దాటిపోతుంది. బార్బిరోలీ ప్రతి మలుపు దగ్గరా ఆగి ఆస్వాదిస్తాడు. రాసినవాడేమో ఎక్కడా ఆగకుండా పరుగు తీస్తాడు. 1972లో రికార్డు చెయ్యబోతూ జార్జ్ షోల్టీ ఎల్గార్ పాత రికార్డును శ్రద్ధగా విన్నాడు. తన నడకనూ దానికి తగ్గట్టే చురుగ్గా పెట్టుకున్నాడు.

మన పద్యానికి స్వరాలు రాసిన కాగితం లేదు. కవి ఇచ్చేది గురులఘువులు, యతి, ప్రాస. బాణీ అంతా నటుడిదే. అందుకే సింఫనీ రికార్డుల మధ్య కన్న పద్యం రికార్డుల మధ్య ఎడం ఎక్కువ. పోల్చి వినేవాడికి పని కూడా ఎక్కువే.

తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలనే చూడండి. రాయబారం ఘట్టంలో కృష్ణుడు కౌరవసభకు పాండవుల ఓర్పును గుర్తుచేసి, సంధా యుద్ధమా తేల్చమని అడిగే ఉత్పలమాల తెలుగునాట తెలియనివాళ్లుండరు. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, యతి పదో అక్షరం. ఈ పద్యం మొదటి పాదంలో సరిగ్గా అక్కడే కొత్త మాట మొదలవుతుంది. కాబట్టి గాయకుడు ఊపిరి తీసుకున్నా అర్థం చెడదు. చిక్కు రెండో పాదం చివర ఉంది. అక్కడ ‘నీ’ అనే ఒక్క అక్షరం వేలాడుతూ ఉంటుంది. అది ఎవరిని గురించిందో, అంటే కౌరవరాజు బిడ్డలనీ ప్రజలనీ, మూడో పాదం ఎత్తుకుంటే గాని తెలియదు. పాదం అయిపోయింది కదా అని ఆ ‘నీ’ మీద రాగం లాగితే చప్పట్లు పడొచ్చు గాని మాట రెండు ముక్కలవుతుంది. అర్థం తెలిసిన గాయకుడు ఆ అక్షరాన్ని మూడో పాదానికి అందించి అప్పుడు ఊపిరి తీసుకుంటాడు.

మూడో పాదం సంధి దగ్గర ఆగుతుంది, నాలుగోది యుద్ధంతో మొదలవుతుంది. రెండు పాదాల మధ్య ఆ కాసింత మౌనంలోనే రాయబారం అంతా ఉంది. కృష్ణుడు నిజంగా సంధి కోరుతున్నాడా, యుద్ధం ఖాయమని తెలిసే అడుగుతున్నాడా? ఆ విరుపు ఎంతసేపన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. ఇక పద్యం ముగిసేది కౌరవరాజును పిలిచే సంబోధనతో. చివరి అక్షరం దీర్ఘం. ఎంత రాగం కావాలన్నా అక్కడ తియ్యొచ్చు, అర్థానికి ఏ నష్టమూ లేదు. కవులు రాగానికి చోటు చూపించే పెట్టారు. ముందే తొందరపడేది నటుడే.

ఈ మూడు చోట్లు చెవిలో పెట్టుకుని రికార్డులు వినాలి. ఈలపాట రఘురామయ్యది రాగపు బాణీ. 1960 నాటి ‘శ్రీకృష్ణ రాయబారం’ సినిమాలో కృష్ణుడు ఆయనే. గొంతు తేలిగ్గా పైస్థాయికి వెళ్తుంది. పద్యం అయ్యాక కూడా రాగం గాలిలో తిరుగుతూనే ఉంటుంది. ఘంటసాల దారి వేరు. విజయనగరం సంగీత కళాశాలలో పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర నేర్చుకున్న ఆయన, 1967లో ‘శ్రీకృష్ణావతారం’ సినిమాలో ఎన్టీ రామారావుకు రాయబారం పద్యాలు పాడారు. అందులో రాగం మాటకు తోడుగా నడుస్తుంది, దాన్ని దాటిపోదు. నాటకం చూడనివాడికి కూడా పద్యం ఒక్కసారికే అర్థమవుతుంది.

మూడోవారు మన ఉత్తరాంధ్ర కృష్ణుడు పీసపాటి నరసింహమూర్తి. 1920లో ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లా వంతరాంలో పుట్టి 2007లో కన్నుమూశారు. ఆయన పద్యం వింటుంటే పాడుతున్నట్టు కన్న ఎదటి మనిషితో మాట్లాడుతున్నట్టుంటుంది. వెటకారం, బెదిరింపు, బుజ్జగింపు ఒకే పద్యంలో వినిపిస్తాయి. సభలో మనిషి అడిగినట్టే అడగడం ముఖ్యమనుకుంటే నా ఓటు పీసపాటికే. నాదస్వరం వినే చెవితో వింటే రఘురామయ్యను మించినవారు లేరు. పద్యం కొత్తగా నేర్చుకునే పిల్లలకైతే ముందు ఘంటసాలను వినిపిస్తాను.

రికార్డు పళ్లెం కూడా పద్యాన్ని మార్చింది. 78 చుట్ల పది అంగుళాల రికార్డుకు ఒక వైపు మూడు నిమిషాలు, అంతకు మించి ఏ కొంచెమో. ఇంగ్లండు వాళ్లు సింఫనీని ముక్కలు చేసి ఎన్నో పళ్లాలకు పంచాల్సి వచ్చింది. మన పద్యం ఒక వైపు సరిపోయింది గాని, వేదిక మీద తీసినంత రాగం తియ్యడానికి వీల్లేకపోయింది. హార్మోనియం శ్రుతి అందించగానే ఎత్తుకోవాలి, గడువులోగా దించాలి. పాత రికార్డుల్లో కనబడే ఆ బిగువు కొంత గాయకుడి నిగ్రహం, కొంత గడియారం పెట్టిన హద్దు. రెంటినీ విడదీసి చూడకపోతే తూకం తప్పుతుంది.

క్యాసెట్టు వచ్చి ఆ హద్దు తీసేసింది. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి 1912 నాటి ‘సత్యహరిశ్చంద్రీయం’లోని కాటిసీనుకు నటులు గుర్రం జాషువా శ్మశాన పద్యాలను చేర్చుకున్నారు. డి.వి. సుబ్బారావు గొంతులో ఆ సీను క్యాసెట్టుగా ఊరూరా తిరిగింది. అరగంట సాగే వైపు కాబట్టి దుఃఖాన్ని మెల్లగా పెంచొచ్చు. జాషువా పద్యాల్లో రాజూ పేదా ఒకే మట్టిలో కలిసే మాట ఉంది. అది నిదానంగా చెబితేనే దిగుతుంది. రాయబారానికి చురుకు ఎంత అవసరమో, కాటిసీనుకు నిదానం అంత అవసరం. ఒకదాని కొలతతో రెండోదాన్ని కొలవకూడదు.

ఈ చెవి నేటికీ టెక్కలి, పలాస వైపు ఉంది గాని దాని వయసు పెరుగుతోంది. పాత క్యాసెట్లు ఇప్పుడు ఫోన్లలోకి ఎక్కాయి. ఎవరు పాడారో, హార్మోనియం ఎవరిదో, ఏ ఊరి ప్రదర్శనో చెప్పే చీటీ మాత్రం వెంట రాలేదు. నాటకాలు చూసిన పెద్దలను పక్కన కూచోబెట్టుకుని ఆ వివరాలు రాయించాలి. ఏ పాట ఎందుకు మేలని వాళ్లు అనుకుంటున్నారో, అదీ రాయించాలి. మొదలుపెట్టడానికి రాయబారం పద్యం చాలు. రెండో పాదం చివర ‘నీ’ని ఎవరు తెంపారు, ఎవరు అందించారు అని ఒక్క ప్రశ్న అడగండి. ఆ ప్రశ్నతో మొదలైన వాదన రాత్రి తెల్లారేదాకా సాగుతుంది. కాగితం మీద పెడితే అదే మన పద్యగానానికి విమర్శ గ్రంథమవుతుంది.