పిడికిలి గట్టిదా, పట్టు గట్టిదా?

నడివీధిలో కలబడితే బాక్సర్ నెగ్గుతాడా, మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ (ఎంఎంఏ) నేర్చినవాడు నెగ్గుతాడా అన్నది ఈ కాలపు ప్రశ్నలా కనిపిస్తుంది. నిజానికి ఇది ముష్టియుద్ధానికీ మల్లయుద్ధానికీ మధ్య ఉన్న పాత తగవే. తెలంగాణలో ఈ రెండు విద్యలూ ఒకే ఊళ్లో, ఒకే రోజున కనిపించే చోటు ఉంది. నిజామాబాద్ జిల్లా బోధన్ దగ్గరి హున్సా గ్రామంలో హోలీ నాడు ముందు కుస్తీ పోటీలు జరుగుతాయి. పొద్దుగూకే వేళకు పిడిగుద్దులాట మొదలవుతుంది. ఊరి నడుమ అడ్డంగా లావుపాటి మోకు కడతారు. అటొక జట్టు, ఇటొక జట్టు నిలబడి, ఒక చేత్తో మోకు పట్టుకుని రెండో చేత్తో ఎదుటివాళ్లను గుద్దుతారు. కాసేపటికి పెద్దలు ఆట ఆపిస్తారు. అప్పటిదాకా గుద్దుకున్నవాళ్లే అలాయి బలాయి తీసుకుంటారు, కాముని దహనం బూడిద గాయాలకు రాసుకుంటారు. పోలీసులు వద్దన్న ఏళ్లలో కూడా ఈ ఆనవాయితీ ఆగలేదు.

ఆ మోకు చేసే పని గమనించదగ్గది. అది ఇద్దరి మధ్య దూరాన్ని ఖాయం చేస్తుంది. ఎదుటివాడి నడుం పట్టుకోవడానికి వీల్లేదు, కాలు లాగి పడెయ్యడానికి వీల్లేదు. మోకు విప్పేస్తే గుద్దులాట కాస్తా పెనుగులాట అవుతుంది. బాక్సింగ్‌కూ ఎంఎంఏకూ ఉన్న తేడా సరిగ్గా ఇదే.

పిడికిలి విద్య

బాక్సింగ్‌లో ఈ మోకు పని నిబంధనలు చేస్తాయి. 19వ శతాబ్దం మధ్యదాకా ఇంగ్లండులో వట్టి చేతులతో జరిగిన పోటీల్లో ఎదుటివాణ్ణి నడుం పైన పట్టి పడెయ్యడం కూడా చెల్లేది. 1867లో వెలువడిన క్వీన్స్‌బెర్రీ నిబంధనలు కుస్తీ పట్లను పూర్తిగా తీసేశాయి. చేతులకు గ్లవ్స్, మూడు నిమిషాల రౌండు, నిమిషం విరామం, పడినవాడు లేవడానికి పది సెకన్ల గడువు వచ్చాయి. పట్టు పోవడంతో విద్య అంతా పిడికిలి మీదికి, పాదాల మీదికి చేరింది.

బాక్సర్ గుద్దు భుజంలో పుట్టదు. వెనక కాలి మునివేళ్లు నేలను నెడతాయి, తుంటి తిరుగుతుంది, ఆ తిప్పు భుజం మీదుగా పిడికిలికి చేరుతుంది. ముందు చేత్తో సూటిగా వేసే జ్యాబ్ దూరాన్ని కొలుస్తుంది. వెనక చేత్తో వేసే క్రాస్ బలాన్ని మోస్తుంది. హుక్ పక్కనుంచి దవడకో డొక్కకో తగులుతుంది, అప్పర్‌కట్ కిందినుంచి గడ్డం కిందికి వస్తుంది. దెబ్బ కొట్టడం ఎంత ముఖ్యమో, దెబ్బ తగలనంత దూరంలో నిలబడడం, తల పక్కకు తప్పించడం, కాలు మార్చి వాలుగా జరగడం అంత ముఖ్యం. ఈ విద్యలో తెలంగాణకు పేరు తెచ్చింది నిజామాబాదే. నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో న్యూఢిల్లీలో ప్రపంచ విజేతగా నిలిచింది. అదే ఊరి హుసాముద్దీన్ 2018, 2022 కామన్‌వెల్త్ క్రీడల్లోనూ 2023 ప్రపంచ పోటీల్లోనూ కాంస్యాలు గెలిచాడు.

పట్టు విద్య

కుస్తీ నేర్చే చోటు తాలీం, నేర్పేవాడు ఉస్తాద్. గోదాలో తవ్వి మెత్తబరచిన మట్టి ఉంటుంది. లంగోటా కట్టిన పహిల్వాన్ రోజూ దండీలు, బస్కీలు తీసి మెడ, నడుం, తొడలు గట్టిపరచుకుంటాడు. కలబడగానే మెడ మీద చెయ్యి వేసి ఎదుటివాడి బరువు ఎటు మొగ్గుతుందో చూస్తాడు. అటే లాగుతాడు. ధోబీ పచ్చాడ్ అన్న పట్టు పేరులోనే దాని తీరు ఉంది: చాకలి బండ మీద బట్ట బాదినట్టు, ఎదుటివాడి చెయ్యి పట్టి, వెనక్కి తిరిగి, వీపు మీదుగా ఎత్తి ముందుకు వేయడం. వీపు మట్టికి ఆనితే చిత్తయినట్టు, అంతటితో ఆట ముగిసినట్టు. నిజామాబాద్, కామారెడ్డి ప్రాంతాల జాతరల్లో కొబ్బరికాయ కుస్తీతో మొదలుపెట్టి ఆఖరున వెండి కడెం కుస్తీ పెట్టే వాడుక ఉంది.

సింగరేణి బొగ్గు గనుల ప్రాంతంలో కార్మికుల ఒళ్లు తయారైన తీరు కూడా పట్టు వైపే మొగ్గుతుంది. యంత్రాలు రాకముందు బాయి దిగిన ఫిల్లర్లు తట్ట, చెమ్మస్ (పార) పట్టి బొగ్గెత్తి టబ్బులు నింపేవారు. షిఫ్టంతా వంగి లేచే ఆ పని నడుముకూ తొడలకూ ముంజేతికీ బలమిస్తుంది. అది లాగేవాడి, ఎత్తేవాడి బలం. గుద్దేవాడికి కావలసిన వేగం వేరే సాధనతో రావాలి. ఒళ్లు గట్టిదైన మనిషి గుద్దులాటలో తేలిపోవడానికీ, బక్కపలచని బాక్సర్ గట్టి గుద్దు గుద్దడానికీ కారణం ఇదే.

మోకు విప్పిన ఆట

ఎంఎంఏ ఈ రెంటినీ మళ్లీ కలిపింది. 1993 నవంబరు 12న అమెరికాలోని డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీ పోటీల్లో వేర్వేరు విద్యల వాళ్లను ఒకే బరిలోకి దింపారు. ఒక చేతికే గ్లవ్ తొడుక్కుని వచ్చిన బాక్సర్ ఆర్ట్ జిమర్సన్, బ్రెజిల్ జుజుత్సు నేర్చిన రాయిస్ గ్రేసీ చేతిలో నేలకరిచి ఓటమి ఒప్పుకున్నాడు. ఆ రాత్రి విజేత గ్రేసీయే. 2010 ఆగస్టులో బోస్టన్‌లో బాక్సింగ్ మాజీ ప్రపంచ విజేత జేమ్స్ టోనీ, కుస్తీ నుంచి వచ్చిన రాండీ కూటూర్ తలపడ్డారు. కూటూర్ కిందికి వంగి చీలమండ అందుకున్నాడు. గుద్దు పడకముందే టోనీ వెల్లకిలా పడ్డాడు, మొదటి రౌండులోనే మెడ పట్టుకు లొంగిపోయాడు.

మోకు మళ్లీ కట్టినప్పుడు ఫలితం తిరగబడింది. 2017 ఆగస్టులో లాస్ వేగస్‌లో బాక్సింగ్ నిబంధనల కింద ఎంఎంఏ విజేత కానర్ మెక్‌గ్రెగర్‌ను బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్ పదో రౌండులో ఓడించాడు. 2023లో ఎంఎంఏ మాజీ హెవీవెయిట్ విజేత ఫ్రాన్సిస్ ఎన్‌గాను, బాక్సర్ టైసన్ ఫ్యూరీని ఒకసారి కింద పడేసినా పాయింట్ల మీద ఓడాడు. 2024లో మరో బాక్సర్ ఆంథనీ జాషువా ఎన్‌గానును రెండో రౌండులోనే పడగొట్టాడు. ఎవరి నిబంధనల్లో వాళ్లదే గెలుపు. అయితే బాక్సర్‌కు పట్టు తప్పించుకోవడం నేర్పరు. ఎంఎంఏ సాధకుడికి గుద్దు కాచుకోవడం కొంతైనా నేర్పుతారు.

వీధిలో ఏం జరుగుతుంది

రాత్రి 11 గంటలకు బొగ్గుబాయిలో రెండో షిఫ్ట్ దిగిన వేళ గోదావరిఖని చౌరస్తా లాంటి చోటును ఊహిస్తే లెక్క తెలుస్తుంది. కింద తారు, పక్కన మోరీ, అడ్డంగా ఆపిన బండ్లు, చుట్టూ ఎవరి తరఫువాళ్లో తెలియని మనుషులు. ఇక్కడ మొదట దెబ్బతినేది గ్లవ్ లేని చెయ్యి. గ్లవ్ ఎదుటివాడి ముఖాన్ని కాపాడేదానికన్నా కొట్టేవాడి ఎముకల్ని ఎక్కువ కాపాడుతుంది. వట్టి పిడికిలి నుదుటికి తగిలితే చిటికెన వేలి మొదట్లోని అరచేతి ఎముక విరగడం సాధారణం, వైద్యంలో దాన్ని బాక్సర్ ఫ్రాక్చర్ అనే పిలుస్తారు. 1988 ఆగస్టులో మైక్ టైసన్, మరో బాక్సర్ మిచ్ గ్రీన్ న్యూయార్క్ హార్లెమ్‌లో ఒక బట్టల దుకాణం బయట కొట్టుకున్నారు. గ్రీన్ కన్ను వాచి మూసుకుపోయింది, టైసన్ కుడిచేతి ఎముక విరిగింది. అప్పటికి టైసన్ ప్రపంచ విజేత.

రెండోది నేల. గోదా మట్టి మీద ధోబీ పచ్చాడ్ ఒక గెలుపు, తారు మీద అదే పట్టు తలపగిలే దెబ్బ. పడేసే విద్య వీధిలో గుద్దుకన్నా ప్రమాదకరం కావడానికి కారణం ఇదే. మూడోది మనుషుల లెక్క. ఎంఎంఏ సాధకుడు ఒకణ్ణి కిందేసి పట్టు బిగించే లోపల రెండోవాడు వెనకనుంచి తన్నవచ్చు. అలాంటప్పుడు కిందికి వెళ్లని బాక్సర్ పాదాలే మేలు. అతను వాలుగా జరుగుతూ, ఒకడి వెనక మరొకడు వచ్చేట్టు చేసి, సందు దొరకగానే బయటపడగలడు. నాలుగోది కత్తి. అది బయటికి వస్తే రెండు విద్యలూ చిన్నవైపోతాయి, పరుగే మిగిలిన రక్షణ.

వీటిని కలిపి చూస్తే సమాధానం తేలుతుంది. ఒకరికొకరే, ఖాళీ చేతులు, సమానమైన బరువు, సమానమైన సాధన అయితే మొగ్గు ఎంఎంఏ వైపు. గుద్దులాట పెనుగులాటగా మారడానికి ఒక్క అడుగు చాలు, ఆ అడుగు తర్వాత ఏం చెయ్యాలో బాక్సర్‌కు నేర్పలేదు. ఎదుట ఇద్దరు ముగ్గురుంటే బాక్సర్ నడకకు విలువ పెరుగుతుంది. ఎదుటివాడు ఏ సాధనా లేనివాడైతే ఏ విద్యయినా సరిపోతుంది.

చట్టం, కూలి, విద్య

వీధికీ ఒక మోకు ఉంది, అది చట్టం. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఆత్మరక్షణ హక్కును ఒప్పుకుంటుంది గానీ, అవసరానికి మించి గాయపరిచే హక్కు ఎవరికీ ఇవ్వదు. ఎముక విరిగినా పన్ను ఊడినా అది తీవ్ర గాయం కిందికి వస్తుంది. కావాలని చేసినట్టు రుజువైతే ఏడేళ్లదాకా జైలు పడవచ్చు. నేర్చిన పట్టు వేసి, ఎదుటివాడు లొంగాక కూడా బిగించినవాడు ఆ గీత దాటినట్టే.

ఇక బొగ్గుబాయి మనిషికి మరో లెక్క ఉంది. విరిగిన చేతి ఎముక అతకడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అన్ని రోజుల మస్టర్లు (హాజరు) పోతాయి. గెలిచినవాడి చెయ్యి విరిగినా లెక్క అదే.

తాలీంలో గానీ బాక్సింగ్ రింగులో గానీ సాధన చేసినవాడికి నిజంగా మిగిలేది వేరు. దెబ్బ తగిలినా కంగారు పడకపోవడం, ఊపిరి నిలుపుకోవడం, దూరం చూపుతోనే కొలవడం, ఎదుటివాడు లొంగగానే ఆగడం అలవాటవుతాయి. రోజూ తనకన్నా బలమైనవాడి చేతిలో ఓడుతూ నేర్చిన మనిషికి చౌరస్తాలో బలం చూపించుకోవలసిన పని తక్కువ. మంచి ఉస్తాద్ పట్టుతో పాటు ఆ ఓర్పునూ నేర్పుతాడు. వీధి గొడవలో ఎక్కువసార్లు పనికొచ్చేది ఆ రెండోదే.