కర్త లేని క్రియలు

మా అక్క కూతురిది మిర్యాలగూడ. పాపకి రెండేళ్ళు దాటినా 'అమ్మ', 'బువ్వ' తప్ప మాటలు రాలేదు. సూర్యాపేటలో ఒక డాక్టరుకి చూపిస్తే చేతిలో రెండు పేజీల కరపత్రం పెట్టి పంపారు. కోదాడలో మా ఇంటికి వచ్చినప్పుడు దాన్ని నా ముందుంచి, "చదువు చిన్నమ్మా, తప్పంత నాదే అన్నట్టుంది" అంది. సాహిత్యం పాఠాలు చెప్పిన అలవాటుకొద్దీ నేను దాన్నీ ఒక రచనలాగే చదివాను.

నిండా ఆజ్ఞలే. మాట్లాడండి, అడగండి, పలికించండి, టీవీ కట్టేయండి. ఈ క్రియలకి కర్త ఎక్కడా లేదు గానీ, పక్కన బొమ్మలో చీర కట్టుకున్న మనిషి ఒక్కతే ఉంది. తండ్రి లేడు, నానమ్మ లేదు, అంగన్‌వాడీ టీచర్ లేదు. మాట ఆలస్యమైతే మొట్టమొదట చూడాల్సింది వినికిడి. ఆ సంగతి చిట్టచివరి వాక్యంలో ఉంది. పిల్లల ఆటిజానికి తల్లుల ప్రేమరాహిత్యమే కారణమని బ్రూనో బెతల్‌హైమ్ 1967లో 'ది ఎంప్టీ ఫోర్‌ట్రెస్' రాశాడు. ఆ వాదం వీగిపోయి చాలాకాలమైంది. దాని ధోరణి మాత్రం ఇలాంటి కాగితాల్లో ఇంకా బతికే ఉంది.

పోనీ చెప్పిన పద్ధతైనా సరైనదా? "ఇదేంటి, అదేంటి" అని రోజంతా పరీక్ష పెడితే మాటరాని బిడ్డ ఇంకా ముడుచుకుపోతుంది. బిడ్డ ఎటు చూస్తోందో దాని పేరు మనమే చెప్పాలి. 'బ' అంటే 'బంతి' అనాలి, 'బంతి' అంటే 'పెద్ద బంతి' అనాలి. పాలూ నీళ్ళూ రెండూ చూపించి, ఎంచుకునేదాకా ఆగాలి. వేలితో చూపించనిస్తే మాట్లాడటం మానేస్తుందనేది అపోహ. సైగ కూడా మాటకి దారే.

ఈ ఆగడం మన ముసలమ్మలకి తెలుసు. చప్పట్ల పాట పాడుతూ చివరి మాట దగ్గర ఆపి బిడ్డ మొహంలోకి చూసేవాళ్ళు. మన జానపద సంకలనాలు పాటని అచ్చువేశాయి, ఆమె ఎక్కడ ఆగిందో రాసుకోలేదు. (1964లో చార్లెస్ ఫెర్గూసన్ ఆరు భాషల్లో పసిపిల్లలతో ఆడే మాటల్ని పోల్చాడు. అందులో మరాఠీ ఉంది, తెలుగు లేదు. మన బువ్వ, జోజోల మీద ఎవరైనా పనిచేస్తే బాగుండు.)

ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమని ఇరుగుపొరుగు చెప్పారట. రెండు భాషలు వినడంవల్ల మాటలు ఆలస్యం కావనీ, తల్లికి బాగా వచ్చిన భాషే బిడ్డకి మేలనీ చెప్పాను. "నాది మోటు భాష గద చిన్నమ్మా, అదే వస్తే బడిల నవ్వుతరు" అంది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఇంటర్‌లో తను రాసిన వ్యాసంలో 'నవ్వుతరు' లాంటి మాటల కింద ఎర్రగీతలు పెట్టింది నేనే.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, పిల్లల్లో గుర్తించాల్సిన 30 సమస్యల్లో భాష ఆలస్యాన్ని కూడా చేర్చింది. బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకి వెళ్ళాలంది. అంటే కర్తల్లో ప్రభుత్వం కూడా ఉంది. కరపత్రంలో ఆ ఊసే లేదు.

మొన్న ఫోన్ చేసింది. వినికిడి బాగానే ఉందట. పాపకిప్పుడు పదకొండు మాటలు. అందులో 'నాయిన' లేదు. రాత్రి అన్నం తినిపించే పని అల్లుడికి అప్పజెప్పమన్నాను. అడిగి చూస్తానంది.